రెండో కప్పు తాగింది నేనే

ఇన్సాఫ్ ఇంటికి రోజూ పొద్దున్నే ఎవడో మగాడొచ్చి టీ తాగి పోతాడని మా పోర్ట్ సయీద్‌లో చెప్పుకుంటున్నారు. కసాయి కొట్టు మహ్రూస్ అని కొందరు, మొదటి అంతస్తులో ఉండే రిటైరైన ఓడ పైలట్ అని ఇంకొందరు. మొన్న ఇస్మాయిలియాలో ఎక్కిన బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ, ముక్కూ మొహం తెలియని మనిషి, ఆ కథ తీసుకొచ్చి నాకే చెప్పింది. చెప్తూ చెప్తూ పెదాలు నాక్కుంది కూడా.

అంతా అబద్ధం. ఇన్సాఫ్ రోజూ తీసే ఫోటోల్లో కనిపించే రెండో కప్పు నాది. రోజూ ఏడింటికి అందులో టీ తాగింది నేనే. అరవై ఆరేళ్ళ ముసల్దాన్ని, పై పళ్ళు కట్టుడువి, మోకాళ్ళు రెండూ పోయినవి. ఆ మాట మొదటి రోజే చెప్పుంటే గొడవ ఇంత దూరం వచ్చేది కాదు. చెప్పలేదు. అదెందుకో కూడా చెప్తాను, అందులో దాచేదేముంది.

ఇన్సాఫ్‌దీ నాదీ ఒకే మెట్ల వరస. ఆమెది మూడో అంతస్తు, నాది రెండో అంతస్తు. యాభై నాలుగేళ్ళుంటాయి. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుడుతుంది, ముప్పై ఏళ్ళుగా అదే పని. పిల్లల్లేరు. మొగుడు షౌకీ బంబూతీ. అంటే ఓడలు పోయే మా ఊరి పెద్ద కాలవలో ఓడ ఆగితే చిన్న పడవేసుకుని దాని పక్కకెళ్ళి, తాడుకి బుట్ట కట్టి, పైనున్న ఓడవాళ్ళకి తోలు ఒంటెలూ రాగి పళ్ళేలూ అమ్మేవాడన్నమాట. డబ్బు లేని ఓడవాడైతే వస్తువుకి వస్తువు మార్చుకునేవాడు. అట్లా పెళ్ళికి ముందు ఓ పోలండ్ ఓడ వంటవాడి దగ్గర, రెండు తోలు ఒంటెలిచ్చి ఒక టీ సెట్టు తెచ్చాడు. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, టీపాటు, పాల జగ్గు, చక్కెర గిన్నె. తెల్లటి పింగాణీ మీద చిన్న చిన్న నీలం పూలు, అంచుకి దారమంత బంగారు గీత. బుట్టలో కిందికి దించుతుంటే ఒక్కటీ పగల్లేదని చచ్చేదాకా చెప్పుకున్నాడు పాపం.

తెచ్చాడు కదా, తాగాడా అంటే లేదు. మా దగ్గర పెళ్ళయిన ఇంట్లో నీష్ ఉండాలి. హాల్లో పెట్టే అద్దాల బీరువా. పింగాణీ అంతా అందులో పేరుస్తారు, వచ్చినవాళ్ళు చూస్తారు, అంతే. వాడకూడదు. నీష్‌లోంచి కప్పు తీసి టీ పోసిన కోడల్ని నేనింతవరకు చూళ్ళేదు. నా నీష్‌లో పన్నెండు మందికి సూప్ గిన్నెలున్నాయి, నలభై ఐదేళ్ళయింది, ఒక్కదానికీ తడి తగల్లేదు. ఇన్సాఫ్ అత్తగారు మరీను. పెళ్ళయిన వారానికే తాళం వేసి, తాళంచెవి కోడలి చేతిలో పెట్టి, "దీన్ని తియ్యడం కాదు, కాపాడటం నీ పని" అంది. ఈ పిచ్చిది ఇరవై ఎనిమిదేళ్ళు కాపాడింది.

షౌకీ ఆఖరి రోజుల్లో ఊపిరి అందక దిండుకి ఆనుకుని కూర్చునేవాడు. ఒకరోజు పొద్దున నేనక్కడే ఉన్నాను. "ఇన్సాఫ్, ఆ పోలండు కప్పులో ఓసారి టీ పొయ్యవే, ఎట్లా ఉంటదో చూద్దాం" అన్నాడు. పక్క గదిలోంచి వాళ్ళమ్మ, "నీష్ సామాను జబ్బు మంచం దగ్గరికా? ఉమ్మితే ఎవరు కడుగుతారు?" అని కేకేసింది. కన్నతల్లి అన్న మాట అది. తాళంచెవి ఇన్సాఫ్ రవికలోనే ఉంది. తియ్యలేదు. రోజూ ఇచ్చే గాజు గ్లాసులోనే ఇచ్చింది. అతను అందులోనే తాగాడు. తొమ్మిది రోజులకి పోయాడు. ముసలావిడ కూడా రెండు వారాలకే పోయింది, ఆ కబురు అట్లా ఉంచండి.

షౌకీ పోయిన నలభయ్యో రోజు, పరామర్శకొచ్చిన జనమంతా వెళ్ళాక ఇద్దరం గ్లాసులు కడుగుతున్నాం. డెబ్బై గ్లాసులు, సగం వాటిలో సిగరెట్ పీకలు. పరామర్శకొచ్చి టీ గ్లాసులో పీక ముంచిపోయేవాణ్ణి ఏమనాలో నాకిప్పటికీ తెలీదు. ఇన్సాఫ్ చేతులు తుడుచుకుని, నీష్ తెరిచి టీపాటు బయటికి తీసింది. మూత ఎత్తి చూసి అట్లాగే నిలబడిపోయింది. వెళ్ళి చూశాను. లోపల ఎండిపోయిన బొద్దింక. నా బొటనవేలంత ఉంది. చుట్టూ పిల్లల పెంకులు.

"మనిషికి దక్కనిది బొద్దింకకి దక్కిందక్కా," అంది. వెళ్ళి సింకులో వాంతి చేసుకుంది.

తర్వాత ఆ సెట్టుని వెనిగర్ వేసి మరగబెట్టింది, సోడా వేసి రుద్దింది, ఏడుసార్లు కడిగింది. నేను లెక్కపెట్టాను. పొద్దున్నే అందులో టీ కాచుకుని, బాల్కనీలో నెయ్యి డబ్బాలో పెంచిన మల్లె తీగ నుంచి ఒక పువ్వు తుంచి సాసర్లో పెట్టి, షౌకీ వదిలేసిపోయిన ఫోన్‌తో ఫోటో తీసింది. తీసి షౌకీ వాళ్ళ కుటుంబం గ్రూపులో పెట్టింది. అరవై మంది ఉంటారందులో.

ఫోటో కింద ఏదో రాయాలి కదా. మాకు పొద్దున పలకరింపు "సబాహ్ ఎల్ ఫుల్". నీ పొద్దు మల్లెపూలవ్వాలని. ఈమెకి రాత అంతంతమాత్రం, ఒక అక్షరం ఎక్కువ పడింది. అది "ఫూల్" అయింది. ఫూల్ అంటే మేం పొద్దున్నే రొట్టెలో పెట్టుకు తినే ఉడికించిన చిక్కుడు గింజలు. మొగుడు పోయి నలభై రోజులైన ఆడది, మల్లెపువ్వు ఫోటో పెట్టి, మీ పొద్దు చిక్కుడు గింజలవ్వాలి అని రాసింది. ఇక చూడండి. ఒకడు నూనె వెయ్యమంటాడు, ఒకడు జీలకర్ర ఎక్కువైందంటాడు. షౌకీ అక్క రతీబా అయితే, "మరదలా, ఉల్లిపాయ కూడా పెట్టు" అని వాయిస్ పంపింది.

ఇంకొకరైతే ఫోన్ మూసేసేవాళ్ళు. ఈమె నవ్వింది. నలభై రోజుల్లో అదే మొదటి నవ్వు. ఆ చలికాలం పల్లె నుంచి కాయగూరలు తెచ్చే ఆవిణ్ణి బతిమాలి, పువ్వుతో ఉన్న చిక్కుడు రెమ్మ తెప్పించుకుంది. అది చూశారా ఎప్పుడైనా? తెల్ల రేకు మీద నల్ల మచ్చ, కాటుక పెట్టిన కన్నులా ఉంటది. నీలం పూల కప్పు పక్కన పెట్టి తీసింది. "ఇదీ పువ్వే. సబాహ్ ఎల్ ఫూల్" అని ఈసారి కావాలనే రాసింది.

అప్పట్నించీ రోజూ ఒక ఫోటో. బెండపువ్వు, దానిమ్మ పువ్వు, పక్కింటి గోడ మీది కాగితం పూలు. ఫ్యాక్టరీ గేటు దగ్గర తుప్పల్లో పూసే పసుపు గడ్డిపువ్వు, పేరు కూడా లేదు దానికి. పూల మీద నీళ్ళు చల్లి మంచు అనిపించే వాళ్ళంటే ఆమెకి మంట. "ఏడవని దానికి కన్నీళ్ళు పెట్టడమేంటక్కా" అనేది. బాల్కనీ చెక్క సందుల్లోంచి ఏడింటికి ఎండ గీతలు గీతలుగా టేబుల్ మీద పడుతుంది. ఆ గీత కప్పు అంచుకొచ్చేదాకా ఆగాలి. సాసర్ని వేలితో అంగుళం జరుపుతుంది, మళ్ళీ వెనక్కి జరుపుతుంది.

"టీ చల్లారిపోతోందే," అంటాన్నేను.

"చీమ రానీ అక్కా. రేకు మీదకి ఎక్కుతోంది."

"చీమకి లేని తొందర నాకుంది. కోడలు లేస్తుంది."

ఇక్కడే ఉంది నా సంగతి. నాకు షుగరు. కోడలు నెవీన్ ఇంట్లో చక్కెర డబ్బాకి తాళం వేసింది, టీ మానిపించింది. నేను మానేశానని ఒట్టేసి చెప్పాను. మెట్లెక్కితే ఒంటికి మంచిదట అని కోడలికి చెప్పి, ఈ మోకాళ్ళతో మూలుగుతూ పైకెక్కేదాన్ని. ఇన్సాఫ్ నాకు మూడు చెంచాలు వేసేది. ఆ టీ ఆ పల్చటి కప్పులో తాగుతుంటే, ఏం చెప్పను, నోట్లో కప్పు ఉన్నట్టే తెలీదు. ఆమె ఒక్కో రోజు ఒక్కో కప్పు ఇచ్చేది, ఏదీ మళ్ళీ బొద్దింకల పాలు కాకూడదని. ఆ అరగంట ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆమె తీసిన ఫోటో చూసుకునేది, నేను కప్పులో అడుగున మిగిలిన చక్కెర వేలితో తీసుకునేదాన్ని. తర్వాత ఆమె ఫ్యాక్టరీకి పోయేది, భుజాలు కాస్త నిటారుగా పెట్టుకుని. అంతకు ముందు ఆ మెట్లు దిగుతుంటే శవం దిగుతున్నట్టుండేది.

రెండేళ్ళు అట్లా గడిచింది. ఈలోగా రతీబా కూతురు నదాకి పెళ్ళి కుదిరింది. అంటే కొత్త నీష్ నింపాలి. రతీబా కన్ను తమ్ముడి టీ సెట్టు మీద పడింది. ఊరికే అడిగితే పరువు తక్కువ, అందుకని ఇన్సాఫ్ మీద తప్పు దొరుకుతుందేమోనని ఫోటోలు వెతికింది. వేలికి ఉమ్ము రాసుకుని ఒక్కో ఫోటో పెద్దది చేసి చూసుంటుంది, నాకు తెలుసు దాని సంగతి. ఫోటోల మూలల్లో నా కప్పు దొరికింది. ఒకరోజు గ్రూపులో ఇన్సాఫ్ ఫోటో కింద రాసింది:

"రెండో కప్పుగారికి కూడా మల్లెల పొద్దు."

చాలు. సాయంత్రానికి వీధి వీధంతా రెండో కప్పుగారి గురించే. మందుల షాపాయన భార్య, అందర్లాగే నా కొడుకు పేరుతో పిలుస్తూ, నన్నే అడిగింది, "ఉమ్ రాఫత్, నువ్వు కింద వాటాలోనే ఉంటావుగా, మెట్ల మీద బూట్ల చప్పుడు వినలేదా?" అని. విన్నది నా చెప్పుల చప్పుడే. నేనేమన్నానో తెలుసా? "నాకు చెవులు సరిగ్గా వినపడవమ్మా" అన్నాను. మూడు చెంచాల చక్కెర కోసం. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే రోత.

మర్నాడు పైకెళ్తే ఇన్సాఫ్ కప్పు ఇచ్చింది, చక్కెర వేసింది. నేను తలొంచుకుని అన్నాను, "నా పేరు చెప్పెయ్యవే. తిడితే తిట్టారు."

"నీ కోడలికి తెలిస్తే నువ్విక పైకి రావు. అప్పుడు నేనెవరితో తాగను?" అంది. "వాళ్ళు అనుకునేది అనుకోనీ అక్కా. ఎవరి నోటి కంపు వాళ్ళది."

ఆమె అంది సరే. నేను ఊరుకోవాల్సింది కాదు. ఊరుకున్నాను. మూడు వారాలు.

ఓ శుక్రవారం నమాజు అయ్యాక రతీబా దిగింది. మొగుడు గలాల్, పెళ్ళికూతురు నదా, రెండు అట్టపెట్టెలు, ఓ కట్ట పాత పేపర్లు. పోతూ పోతూ మా తలుపు కొట్టి, "పెద్దమనుషులుగా వచ్చి కూర్చోండి, రేపు మా మీద మాట రాకూడదు" అని నన్నూ నెవీన్‌నీ పైకి లాక్కెళ్ళింది. నేను ఎప్పుడూ కూర్చునే కుర్చీలో గలాల్ కూర్చున్నాడు. జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి కొరుకుతూ, పొట్టు నీలం పూల సాసర్లో ఉమ్ముతున్నాడు. ఉమ్మి తడితో అది సాసర్‌కి అంటుకుంటోంది. ఇన్సాఫ్ ఆ సాసర్‌నే చూస్తోంది.

"చెల్లెమ్మా, మనసులో పెట్టుకోకు," అన్నాడు గలాల్, మీసానికంటిన పొట్టు తుడుచుకుంటూ. "మా బావమరిది కష్టపడి తెచ్చిన సామాను. పరాయి మగాడి మూతికి తగలకూడదు కదా."

"ఏ మగాడు అన్నయ్యా?"

"ఆ పేరు మా నోటితో చెప్పించకు," అంది రతీబా. "ఇరవై ఎనిమిదేళ్ళు మా అమ్మ కంటికి రెప్పలా కాపాడించింది. నదాకి ఇచ్చేస్తే నీ పేరు నేను గ్రూపులో ఎత్తను. లేదంటే నీ ఇష్టం, ఫ్యాక్టరీలో కూడా మనవాళ్ళున్నారు."

అదీ బేరం. సెట్టు ఇస్తావా, పేరు పోగొట్టుకుంటావా. ఇన్సాఫ్ సాసర్ మీంచి చూపు తిప్పలేదు. నా వైపు కూడా చూడలేదు, చూస్తే నేనెక్కడ బయటపడతానో అని. గలాల్ సిగరెట్ అంటించి, రెండు దమ్ములు లాగి, పీక తీసుకెళ్ళి కప్పులో ముంచాడు. పొద్దున నేను తాగిన కప్పు, అడుగున ఇంకా చక్కెర ఉంది. సుర్రుమంది.

ఆ చప్పుడుకి నాలో ఏదో తెగింది.

"రెండో కప్పు తాగేది నేను," అన్నాను.

రతీబా నవ్వింది. "ఉమ్ రాఫత్, నీ మంచి మనసు నాకు తెలుసు. కానీ నీకు షుగరు. నువ్వు టీ మానేసి మూడేళ్ళయిందని ఊరంతా తెలుసు. ఏం నెవీన్?"

"అవును, అత్తయ్య టీ ముట్టరు," అంది నా కోడలు, గర్వంగా. నేను చెప్పిన అబద్ధం తిరిగొచ్చి నా మొహాన్నే కొట్టింది.

రతీబా అప్పటికే కప్పులు వరసగా టేబుల్ మీద పెట్టి పేపరు చింపుతోంది. నేను లేచాను. టీపాటులో ఇంకా టీ ఉంది. ఒక కప్పు నింపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు చెంచాలు, నెవీన్ కళ్ళముందే. కలిపి, గటగటా సగం తాగాను. నా కోడలు "అత్తయ్యా" అంటూ లేచింది. మూతి తుడుచుకోలేదు నేను. నోట్లో వేలు పెట్టి పై పళ్ళ సెట్టు ఊడదీసి ఆ కప్పులో వేశాను. టక్కుమంది. టీ మీద బుడగలొచ్చాయి.

పళ్ళు లేకుండా నాకు మాట సరిగ్గా రాదు. అయినా చెప్పాను. "ఈ ఆరింట్లోనూ నా నోరు పెట్టాను. రెండేళ్ళు. ఏ రోజు ఏదో నాకే గుర్తు లేదు. ఒక్కోసారి దగ్గొచ్చేది. తీసుకెళ్ళి నీ కూతురి నీష్‌లో పెట్టుకో. చుట్టాలొస్తే చూపించు."

నదా కప్పులోకి తొంగి చూసింది. పళ్ళు కూడా దాని వైపే చూస్తున్నట్టున్నాయి. పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, "అమ్మా, ఛీ, నాకొద్దు. నా నీష్‌లో వాడిన కప్పులా?" అని మెట్ల మీదకి పరుగెత్తింది. రతీబా చేతిలో పేపరు నలిపి అట్టపెట్టెలో పడేసింది. మగాడు తాగాడంటే తీసుకెళ్ళడానికి ఒప్పుకుంది గానీ, ముసల్దాని పళ్ళు పడ్డాయనేసరికి ఒప్పుకోలేకపోయింది. ఆలోచించి చూడండి, ఇందులో ఏది ఎక్కువ రోత.

వెళ్ళిపోయారు. వెళ్ళాక చూస్తే చక్కెర గిన్నె లేదు. రతీబా సంచీ పెద్దది. అక్కడితో ఆగిందా, రెండో రోజే గ్రూపులో, "ముసల్దాన్ని అడ్డం పెట్టుకుని మగాణ్ణి దాచింది" అని పెట్టింది. బస్సులో నేను విన్నది ఆ కథే. ఇన్సాఫ్ గ్రూపులోంచి బయటికొచ్చేసింది. ఫోటోలు నా ఒక్కదానికే పంపడం మొదలుపెట్టింది.

గలాల్ పీక ముంచిన కప్పుని మళ్ళీ ఏడుసార్లు కడిగింది. నా పళ్ళు పడ్డదాన్ని ఎన్నిసార్లు కడిగిందో నేనడగలేదు. "అక్కా, నీ ఋణం తీర్చుకోలేను. కానీ అందులో మాత్రం నేను తాగలేను, ఏమనుకోకు," అంది. నేనేమనుకుంటాను, నాకే తాగబుద్ధి కాలేదు.

నాకు పడ్డ శిక్ష వేరే. నెవీన్ ఆ సాయంత్రమే నా రక్తంలో షుగరు ఎంతుందో చూసింది. అంకె చూసి నా కొడుకు రాఫత్ నా సంచీ సర్దాడు. కూతురు ఇస్మాయిలియాలో నర్సు, దాని దగ్గర దించేశాడు. నాలుగు నెలలయింది. ఇక్కడ నాకు చేదు మెంతి నీళ్ళిస్తారు, ప్లాస్టిక్ మగ్గులో. ఒక్కదాన్ని బయటికి పోనివ్వరు. ఒక్కసారి తప్పించుకుని పోర్ట్ సయీద్ బస్సెక్కాను, సగం దారిలో అల్లుడొచ్చి దించుకుపోయాడు. ఆ బస్సులోనే కదా ఆ ఆవిడ కథ చెప్పింది.

ఫోటోలైతే రోజూ వస్తున్నాయి, ఏడుంపావుకి. నేను చూసుకుని, నోరూరించుకుని, మెంతి నీళ్ళు తాగుతాను. కానీ పోయిన మంగళవారం చిక్కుడు పువ్వు వచ్చింది, నీలం కప్పు పక్కన, ఎండ గీతతో. చూసి ముచ్చట పడ్డాను. తర్వాత గుర్తొచ్చింది. ఇది జూలై. చిక్కుడు చలికాలం పూస్తుంది. ఫోటో మూల చూస్తే తలకి చుట్టుకునే పసుపు గుడ్డ కొంగు కొంచెం కనిపిస్తోంది. అది నాది. నేనిక్కడున్నాను కదా.

అంటే పాత ఫోటోలు పంపుతోంది. నిన్నటిదీ పాతదే, మొన్నటిదీ. ఎప్పట్నించో తెలీదు, నేను చూసుకోలేదు. ఫోన్ చేస్తే, "బాగున్నానక్కా, సబాహ్ ఎల్ ఫూల్" అంటుంది, పెట్టేస్తుంది. టీ కాస్తోందో లేదో, బాల్కనీలోకి వస్తోందో లేదో. నీష్‌కి మళ్ళీ తాళం వేసిందేమో కూడా నాకు తెలీదు.

మీలో ఎవరైనా పోర్ట్ సయీద్ పోతే, అరబ్ పేటలో చేపలు వేయించే ఫర్‌గలీ కొట్టు వెనక సందు, చెక్క బాల్కనీల పాత మేడ, మూడో అంతస్తు. మెట్ల మీద లైటు ఉండదు, గోడ పట్టుకు ఎక్కండి. బెల్లు కొట్టొద్దు, రతీబా అనుకుంటుంది. వేళ్ళతో మూడుసార్లు తట్టి ఉమ్ రాఫత్ పంపిందని చెప్పండి. దారిలో ఏ పువ్వు కనిపిస్తే అది తీసుకెళ్ళండి, గడ్డిపువ్వైనా సరే. టీ అడగండి. ఆమె ఫోటో తీసుకునేదాకా ముట్టుకోకండి, చల్లారినా సరే. ఏ కప్పులో ఇచ్చినా తాగండి, భయం లేదు. నా పళ్ళు పడ్డ కప్పు ఎవరికీ ఇవ్వదు, దాన్ని పువ్వులకే ఉంచింది.